చేపల దూరప్రయాణాలు

ఇల్లు మారేటప్పుడు పుస్తకాలను పెట్టెలలో సర్దవచ్చును, గిన్నెలను మూటకట్టవచ్చును. గాజుతొట్టిలోని చేపలను మాత్రం అలా సర్దడానికి వీలులేదు. చేప ప్రయాణం చేయాలంటే దాని లోకంకూడా కొంత వెంట రావాలి. ఆ లోకంలో ఏది తప్పనిసరి, ఏది వదలివేయదగినది? ఈ ప్రశ్నకు సమాధానం తెలుసుకొనడానికి మానవునికి నూరేళ్లు పట్టింది.

ఇంగ్లండునుండి టాస్మేనియాకు వలసపోయినవారు తమ నదులలోని సాల్మన్, ట్రౌట్ చేపలను అక్కడకూడా పెంచాలని కోరుకున్నారు. తెరచాప ఓడలో దాదాపు మూడు నెలల ప్రయాణం. మధ్యలో భూమధ్యరేఖ దాటాలి. చన్నీటి చేప ఆ వేడికి ఎలా తట్టుకుంటుంది? అందుచేత చేపలకు బదులు గుడ్లను పంపదలచారు. 1852లోను, 1860లోను, 1862లోను చేసిన ప్రయత్నాలు విఫలమైనవి. అయినా జేమ్స్ యూల్ అనే ఆయన పట్టు విడువలేదు. గుడ్లను తడినాచులో పరచి, పెట్టెలలో ఉంచి, మంచుగడ్డల నడుమ భద్రపరిస్తే వాటి పెరుగుదల మందగించి, చాలాకాలం బ్రతికి ఉంటాయని ఆయన లండనులోని మంచు గిడ్డంగిలో పరీక్షించి తెలుసుకున్నాడు. 1864 జనవరిలో నార్‌ఫోక్ అనే ఓడ లండనునుండి బయలుదేరి, ఏప్రిల్‌లో మెల్‌బోర్న్ చేరింది. అక్కడినుండి గుడ్లను టాస్మేనియాకు చేర్చగా, మే నెలలో ట్రౌట్ పిల్లలు పుట్టాయి. సాల్మన్ పిల్లలు కూడా పుట్టినవి గాని, సముద్రానికి పోయినవి తిరిగి వచ్చి స్థిరపడలేదు. ఈ విజయం నేర్పిన మొదటి పాఠం ఇది: చల్లదనం జీవక్రియలను మందగింపజేస్తుంది, ప్రాణవాయువు అవసరాన్ని తగ్గిస్తుంది.

రెండవ పాఠం శ్వాసకు సంబంధించినది. 1869లో చైనానుండి పారిస్ చేరిన ‘స్వర్గ మత్స్యము’ చాలా దూరప్రయాణం చేసినా బ్రతికింది. దాని తలలో ఉన్న ప్రత్యేకమైన అవయవం గాలినుండి నేరుగా ప్రాణవాయువును తీసుకొంటుంది. మన కొర్రమీనుకూడా గాలి పీల్చగలదు. అందుకనే కొద్దిపాటి నీటితోనే దానిని సంతకు సజీవంగా తెస్తారు.

తక్కిన చేపల సంగతి వేరు. ముప్పై డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లీటరు నీటిలో కరిగి ఉండగల ప్రాణవాయువు సుమారు ఏడున్నర మిల్లీగ్రాములే. అదే లీటరు గాలిలో దానికి ముప్పై రెట్లకు పైగా ఉంటుంది. అందువల్ల నీటిని గాలితో కలుపుతూ ఉండాలి. 1871లో సెత్ గ్రీన్ అనే అమెరికను, మన పులసకు బంధువైన షాడ్ పిల్లలను పాలడబ్బాలలో ఉంచి, హడ్సన్ నదినుండి కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నదికి రైలుమీద తీసుకొనిపోయాడు. మన దేశంలోకూడా వంగదేశపు నదులలో పట్టిన బొచ్చె, రోహూ పిల్లలను మట్టికుండలలో దూరప్రాంతాలకు పంపేవారు. కుండల వెంట మనుష్యులు కూడా పోయి, నీటిని కదిలిస్తూ ఉండేవారు. ఆ కదలికయే చేపలకు ఊపిరి.

నీటినే మోసుకొనిపోయిన సందర్భంకూడా ఉన్నది. సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న చికాగోలో షెడ్ మత్స్య ప్రదర్శనశాల కోసం 1930లో ఫ్లోరిడానుండి పది లక్షల గాలన్ల సముద్రజలాన్ని రైలు ట్యాంకులలో తెచ్చారు. నేడు మంచినీటిలో తగిన లవణాలను కలిపి సముద్రజలాన్ని ఎక్కడనైనా తయారుచేస్తున్నారు. అయితే, అంత కష్టపడి మోయవలసినది నీరు కాదన్నమాట.

మరి మోయవలసినది ఏది? లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1850లో గాజుతొట్టిలో చేపలను, నీటిమొక్కలను, నత్తలను కలిపి ఉంచి, ఒకదానికొకటి ఎలా తోడ్పడతాయో వివరించాడు. చేప విడిచే అమోనియాను నైట్రైటుగాను, దానిని నైట్రేటుగాను మార్చే సూక్ష్మజీవుల సంగతి అప్పటికి తెలియదు. నేలలో ఈ మార్పు రెండు అంచెలలో జరుగుతుందని తరువాత చూపిన పరిశోధకులలో ఆయన కుమారుడుకూడా ఒకడు. అతని పేరుకూడా రాబర్ట్ వారింగ్టనే! 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ ఈ సూక్ష్మజీవులను వేరుచేయగలిగాడు. తండ్రి తొట్టిలోని రహస్యం కుమారుని కాలంలో బయటపడిందన్నమాట.

ఈ సూక్ష్మజీవులు నీటిలో తేలుతూ ఉండేవి చాలా తక్కువ. గులకరాళ్లను, వడపోత సాధనంలోని స్పంజిని అంటిపెట్టుకొని ఉంటాయి. కాబట్టి ఇల్లు మారేవారు నీటిని పారబోసినా నష్టంలేదు గాని, స్పంజిని ఎండనివ్వరాదు, కుళాయినీటితో కడుగరాదు. ప్రయాణానికి ఒకరోజు ముందు మేత ఆపితే చేపల విసర్జన తగ్గుతుంది. పాలిథీన్ సంచిలో మూడవవంతు నీరు, తక్కినది ప్రాణవాయువు నింపి, వేడి తగలకుండా పెట్టెలో ఉంచాలి. తొట్టిని ఖాళీచేసిన తరువాతనే ఎత్తాలి. నూరు లీటర్ల నీరంటే నూరు కిలోల బరువు, ఆ బరువుకు గాజు అతుకులు విడిపోవచ్చును.

చివరకు ఒక హెచ్చరిక. తీసుకొనిపోలేని చేపలను జాలితో చెరువులో వదలరాదు. ఆంధ్రప్రదేశ్ రైతులు ‘దెయ్యపు చేప’ అని పిలిచేది ఒకప్పుడు గాజుతొట్టిలో అలంకారంగా ఉన్నదే. నేడు అది చేపల చెరువులలో పెరిగి, రైతులకు నష్టం కలిగిస్తున్నది. టాస్మేనియా చేరిన ట్రౌట్ కూడా అక్కడి చిన్న చేపలను తిని తగ్గించివేసింది. తీసుకొనిపోలేని చేపను పెంచగలిగిన మరొకరి తొట్టికి, లేదా పాఠశాల తొట్టికి అప్పగించడమే సరియైన పని. చేపను క్షేమంగా చేర్చడం ఎంత ముఖ్యమో, చేరగూడని నీటికి చేరకుండా చూడడం అంతకంటె ముఖ్యము.