‘ర్యాండమ్’ మాట నడిచిన దారి

‘ర్యాండమ్’ అనే ఇంగ్లీషు మాటకు ముందుగా ఊహించ వీలులేనిది, ఏ క్రమానికీ లొంగనిది అని నేడు అర్థం చెప్పుకుంటున్నా, పుట్టుకలో దానికి అనిశ్చితితో సంబంధం లేదు. ప్రాచీన ఫ్రెంచిలో ‘రాందీర్’ అంటే వేగంగా పరుగెత్తడం. దాని నుంచి వచ్చిన ‘రాందోన్’ అనే నామవాచకం ఉరవడిని, దూకుడును తెలిపేది. 14వ శతాబ్ది నాటి ఇంగ్లీషులోనూ ఈ మాట ఆ వేగాన్నే సూచించింది. ఒళ్లు తెలియని ఉరవడిలో ఉన్నవాడికి గురి ఉండదు గనుక, 16వ శతాబ్దికి ‘గమ్యం లేకుండా’ అనే అర్థం దీనికి అంటుకుంది. ఫిరంగిని నేరుగా కాక పైకెత్తి పేల్చినప్పుడు గుండు వెళ్లే దూరాన్ని ఆనాటి సైనికులు ఇదే మాటతో పిలిచేవారు. పాత అర్థంలోని ఉరవడి, కొత్త అర్థంలోని గురిలేమి రెండూ ఒకేచోట కనిపించే ఈ వాడుక భాషాచరిత్రలో ఎంతో విలువైనది. 17వ శతాబ్దిలో ఇది విశేషణమైంది.

శాస్త్రం చేతికి వచ్చాక మాట స్వభావమే మారింది. అడుగడుగునా ఏదో ఒక దిక్కుకు తిరిగి సమాన దూరం నడిచే మనిషి చివరకు బయలుదేరిన చోటికి ఎంత దూరంలో ఉంటాడని 1905లో గణాంకవేత్త కార్ల్ పియర్సన్ ‘నేచర్’ పత్రికలో అడిగిన ప్రశ్నతో ‘ర్యాండమ్ వాక్’ అనే పదబంధం స్థిరపడింది. మనిషి తనకు తోచినట్లు ఎంచుకున్న నమూనాలో తెలియకుండానే పక్షపాతం చొరబడుతుంది గనుక, ప్రతి అంశానికీ సమాన అవకాశం దక్కేలా చూడటానికి గణాంకవేత్త టిపెట్ 1927లో 41,600 ర్యాండమ్ అంకెల పట్టికను ప్రచురించాడు. 1955లో అమెరికాలోని రాండ్ సంస్థ పది లక్షల అంకెలతో ఏకంగా ఒక గ్రంథాన్నే వెలువరించింది. అజాగ్రత్తను సూచించిన మాట ఈ విధంగా అత్యంత జాగ్రత్తతో సాధించవలసిన గుణానికి పేరైంది. ఒక అంకెల వరుసను దానికన్నా క్లుప్తంగా వర్ణించడం సాధ్యం కాకపోతే అదే ర్యాండమ్ అన్న నిర్వచనానికి గణితవేత్త కొల్మగోరోవ్ 1960లలో పునాది వేశాడు.

తెలుగు గణిత పాఠ్యపుస్తకాలు ఈ భావానికి ‘యాదృచ్ఛికం’ అనే మాటను స్వీకరించాయి. దీనికి మూలమైన ‘యదృచ్ఛ’ను శ్వేతాశ్వతరోపనిషత్తు కాలం, స్వభావం, నియతి అనేవాటి సరసన, జగత్తుకు కారణమేమిటన్న విచారణలో పేర్కొన్నది. కాబట్టి వాడుకలో వినిపించే, అజాగ్రత్తను స్ఫురింపజేసే ‘గుడ్డిగా’ కన్నా ‘యాదృచ్ఛికం’ అనడమే శాస్త్రార్థానికి సరిపోతుంది.