నక్షత్రం ముందు ఖాళీ

2005వ సంవత్సరం వానాకాలంలో, పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక చిన్న కర్మాగారంలో, రాత్రి షిఫ్టులో కూర్చుని నేనొక ఆజ్ఞను టైపు చేశాను. ‘పాత’ అన్న పేరుతో మొదలయ్యే ఫైళ్ళన్నిటినీ తుడిచివేయడం నా ఉద్దేశం. ఆ పేరుకూ, దానికి అంటుకుని ఉండవలసిన నక్షత్రపు గుర్తుకూ నడుమ నా బొటనవేలు ఒక ఖాళీని చేర్చింది. ఎంటరు నొక్కాను. తెర ఏమీ అనలేదు. పని సవ్యంగా జరిగినప్పుడు మౌనం వహించడం యూనిక్సు సంప్రదాయం. నేను చెప్పిన పనిని అది సవ్యంగానే చేసింది మరి.

పోయినది కాంట్రాక్టు కూలీల హాజరు పట్టిక. ఆ నెలంతా ఎవరు ఎన్ని గంటలు ఓటీ చేశారన్న లెక్క అందులోనే ఉన్నది. వరుసగా మూడు రోజులు కరెంటు సరిగా లేక, టేపు మీదికి నకలు తీయడం వాయిదా వేస్తూ వచ్చాను. జీతాల పంపిణీకి నాలుగు రోజుల గడువున్నది.

ఆ ఖాళీ చరిత్ర ఏమిటో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఈ వ్యాసం ఆ వెదుకులాట ఫలితమే. సర్వరు నిర్వహణ కొత్తగా నేర్చుకునేవారికి ఇది పాఠంగానూ పనికిరావచ్చు.

యూనిక్సు 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతుల చేతుల్లో పుట్టింది. తొలి వాడుకరులకు తెర లేదు. టెలిటైపు అనే యంత్రం ముందు కూర్చుని టైపు చేస్తే, సమాధానం కాగితం మీద అచ్చయ్యేది. అది సెకనుకు పది అక్షరాలను మించి కొట్టలేదు. అటువంటి యంత్రం మీద ఎవరికైనా పొదుపు అలవడుతుంది. అందుకే జాబితాకు ‘ఎల్ఎస్’, నకలుకు ‘సీపీ’, తొలగింపుకు ‘ఆర్ఎమ్’ అని రెండేసి అక్షరాల పేర్లు నిలిచాయి. 1971లో వెలువడిన మొదటి కూర్పు కరదీపికలోనే ‘ఆర్ఎమ్’ ఉన్నది. ఈ నల్లతెరకు నేటికీ ‘టీటీవై’ అన్న పేరు మిగిలి ఉండడం ఆ టెలిటైపు జ్ఞాపకమే.

ఆ వ్యవస్థను కట్టినవారే దానిని వాడినవారు. తామేమి చేస్తున్నారో వారికి తెలుసునన్న నమ్మకం మీద అది నడిచింది. ‘నిజంగానా?’ అని మాటిమాటికీ అడగడం వారి మర్యాదలో లేదు. ఇంకొక సంగతి, అనుభవజ్ఞులు సైతం తరచు మరచేది: నక్షత్రాన్ని ‘ఆర్ఎమ్’ చూడనే చూడదు. మనం టైపు చేసిన వాక్యాన్ని ముందుగా షెల్ అనే దుబాసీ చదువుతుంది. నక్షత్రం కనబడినచోట అక్కడికి సరిపోయే ఫైళ్ళ పేర్లన్నీ వరుసగా పరచి, ఆ జాబితాను ‘ఆర్ఎమ్’ చేతికి అందిస్తుంది. నేను చేర్చిన ఖాళీ వల్ల నక్షత్రం ఒంటరిదైంది. ఒంటరి నక్షత్రానికి అర్థం ‘ఇక్కడ ఉన్నవన్నీ’. (పేరు చుక్కతో మొదలయ్యే ఫైళ్ళు మాత్రం ఆ జాబితాలోకి రావు. ఆ రాత్రి నాకు మిగిలినవి అవే, వాటిలో కూలీల లెక్కలు లేవు.)

మా కర్మాగారానికి కూతవేటు దూరంలో ఇక్రిశాట్ ఉన్నది. మెట్ట పంటల పరిశోధన కోసం 1972లో నెలకొన్న అంతర్జాతీయ సంస్థ అది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ విత్తనాల వివరాలను 1980లలోనే వారు కంప్యూటరుకెక్కించారు. అందుకోసం ప్రత్యేకంగా ఒక దత్తాంశ నిర్వహణ ప్రోగ్రామును కూడా వ్రాసుకున్నారు. అప్పుడు అక్కడ ఉన్నది వాక్స్ యంత్రం. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వాక్స్‌ను 1977లో ప్రకటించింది. యూనిక్సు పెరిగి పెద్దదైన పీడీపీ-11 కూడా ఆ సంస్థదే. వాక్స్ కోసం వారు తయారుచేసిన సొంత ఆపరేటింగ్ సిస్టమ్ పేరు వీఎమ్ఎస్.

వీఎమ్ఎస్ స్వభావం పూర్తిగా వేరు. ఒక ఫైలును మార్చి భద్రపరిస్తే అది పాతదాన్ని చెరపదు. పేరు చివర 1, 2, 3 అని సంఖ్యలు వేస్తూ కొత్త ప్రతిని పక్కన చేరుస్తుంది. తొలగించమంటే ఏ సంఖ్య గల ప్రతిని తొలగించాలో చెప్పమంటుంది, చెప్పకపోతే ఆజ్ఞను నిరాకరిస్తుంది. పాత ప్రతులను వదిలించుకోవడానికి ‘పర్జ్’ అన్న వేరే ఆజ్ఞ ఉన్నది. మన ఊళ్ళలో పాత పట్వారీ దస్త్రాలు ఇలాగే ఉండేవి: కొట్టివేసిన పంక్తి కూడా కంటికి ఆనుతుంది. దీన్ని చదివినప్పుడు నాకు కలిగిన అసూయ ఇంతా అంతా కాదు. అయితే ఆ మర్యాదకు డిస్కులో చోటు ఖర్చవుతుంది, ఆనాడు డిస్కు బంగారం. లోకం చివరకు యూనిక్సు దారినే పట్టింది. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్సు ద్వారా ఆ రెండక్షరాల ఆజ్ఞలే పటాన్‌చెరుకు వచ్చాయి.

వర్చువలైజేషన్ కొత్త విద్య అనుకుంటారు చాలామంది. దాని వయస్సు యూనిక్సు కంటే ఎక్కువ. ఐబీఎమ్ వారి కేంబ్రిడ్జి కేంద్రంలో 1967లో పనిచేయడం మొదలుపెట్టిన సీపీ-40 అనే వ్యవస్థ ఒక్క యంత్రాన్ని పద్నాలుగు యంత్రాలుగా నటింపజేయగలిగింది. ప్రతి వాడుకరికీ ఆ యంత్రమంతా తనదే అన్న భ్రమ. అద్వైతులు చెప్పే మాయ వంటిదే గాని, ఈ మాయ లెక్క తప్పదు. ఆ దారిలోనే వీఎమ్/370 వచ్చింది. ఐబీఎమ్ దాన్ని ప్రకటించినది 1972 ఆగస్టులో, ఇక్రిశాట్ పుట్టిన సంవత్సరంలోనే. ఒక యంత్రం ఇలా నటించాలంటే దానికేయే లక్షణాలు ఉండాలో 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు సూత్రీకరించారు.

మన బల్లల మీది ఇంటెల్ యంత్రాలు ఆ పరీక్షలో తప్పాయి. కొన్ని ఆదేశాలను అతిథి యంత్రం ఇస్తే, ఆతిథేయికి కబురందకుండానే అవి వేరే ఫలితాన్నిచ్చేవి. 1998లో స్థాపితమైన వీఎమ్‌వేర్ సంస్థ అటువంటి ఆదేశాలను నడుస్తుండగానే మార్చివ్రాసే ఉపాయం కనిపెట్టి, 1999లో తన తొలి సరుకును విడుదల చేసింది. 2005 నుండి ఇంటెల్, 2006 నుండి ఏఎమ్‌డీ, తమ చిప్పులలోనే అందుకు వసతి కల్పించాయి. 2007 ఫిబ్రవరిలో కేవీఎమ్ లినక్సు కెర్నెల్‌లో కలిసింది. దాంతో పైసా ఖర్చు లేకుండా, సామాన్యమైన పెట్టె మీద, 1967 నాటి ఆ ఇంద్రజాలాన్ని ఎవరైనా చేయగలిగే రోజు వచ్చింది.

మా వంటి చిన్న కర్మాగారాలకు దీనివల్ల కలిగిన మేలు పుస్తకాలలో వ్రాసినంత గంభీరమైనది కాదు. హాజరుకు ఒకటి, స్టోర్సుకు ఒకటి, ఈమెయిలుకు ఒకటి అని మూడు అసెంబుల్డు పెట్టెలు ఒకే గదిలో ఉడికిపోతూ ఉండేవి. వాటి స్థానంలో ఒక మంచి సర్వరు, ఒక యూపీఎస్ వచ్చాయి. లోపల మూడు వర్చువల్ యంత్రాలు. కరెంటు పోయినప్పుడు ముగ్గురి కోసం పరుగెత్తవలసిన పని తప్పింది.

ఈ పనిలో చేరే పిల్లలకు మొదటి రోజు నేను చెప్పేవి కొన్నే. తెర మీద నిలుచున్న చోటు ఏదో తెలుసుకోకుండా అడుగు వేయవద్దంటాను. అందుకు ఆజ్ఞ ‘పీడబ్ల్యూడీ’. రోడ్ల శాఖకూ దీనికీ సంబంధమేమిటని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. ‘ఆర్ఎమ్’ వ్రాయదలచుకున్న చోట ముందుగా ‘ఎల్ఎస్’ వ్రాసి, అదే నక్షత్రాన్ని పెట్టి చూడమంటాను. షెల్ ఏయే పేర్లను పరుస్తుందో కళ్ళారా చూసిన తరువాతనే ఆ రెండక్షరాలను మార్చాలి. డిస్కులో చోటెంతో ‘డీఎఫ్’ చెబుతుంది, ఏ వర్చువల్ యంత్రం మేలుకొని ఉన్నదో ‘వర్ష్ లిస్ట్’ చెబుతుంది. రూటు అధికారాన్ని ‘సుడో’తో అప్పు తెచ్చుకుని, పని కాగానే తిరిగి ఇచ్చివేయాలి. పెద్ద మార్పుకు ముందు స్నాప్‌షాట్ తీయాలి.

ఫైళ్ళకు తెలుగు పేర్లు పెట్టవచ్చునా అని కూడా అడుగుతారు. లేఖినిలో తొలి అక్షరాలు కూర్చుకున్న మనకు ఈ ప్రశ్న తీపిగా ఉంటుంది. నిరభ్యంతరంగా పెట్టవచ్చు. 1992లో థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8లో మన ప్రతి సంకేతానికి మూడేసి బైట్లు పడతాయి. ఫైలు పేరుకు 255 బైట్ల పరిమితి గనుక 85 సంకేతాల దాకా చోటున్నది. సర్వరు ఒక్క ఒత్తును కూడా పోగొట్టదు. చూపించే నల్లతెరే చాలా చోట్ల గుణింతాలను విరిచి పారేస్తుంది, ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క గడి అన్న టెలిటైపు లెక్క దానికి ఇంకా వదలలేదు.

స్నాప్‌షాట్ దగ్గర కొంత ఆగాలి. వర్చువల్ యంత్రపు డిస్కు ఆతిథేయి దృష్టిలో ఒక పెద్ద ఫైలు మాత్రమే. అందుకే దానిని ఒక క్షణం దగ్గర స్తంభింపజేసి, తరువాతి మార్పులను విడిగా వ్రాసుకోవచ్చు. వాక్స్ ప్రతులకు వేసిన సంఖ్యలు మరొక రూపంలో తిరిగివచ్చాయన్నమాట, ఈసారి ఏకంగా కంప్యూటరు మొత్తానికి. అయితే ఫైలు గనుక దానిని ‘ఆర్ఎమ్’ కూడా తొలగించగలదు. స్నాప్‌షాట్ ఉన్నది అదే డిస్కులో. ఆ డిస్కు పోతే అసలూ నకలూ కలిసే పోతాయి. స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అని పిలిచే అలవాటు మా వృత్తిలో ఎక్కువ. అది తప్పుడు పేరు.

బ్యాకప్ అంటే ఏమిటో చూడదలిస్తే ఇక్రిశాట్ విత్తనాల నిధిని చూడాలి. అందులో లక్షా ఇరవై వేలకు పైగా నమూనాలను చల్లని గదులలో భద్రపరిచారు. అంతటితో వారు తృప్తిపడలేదు. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులలో 2008లో తెరిచిన విత్తనాల భాండాగారంలో లక్షకు పైగా నమూనాలకు నకళ్ళు దాచారు. పటాన్‌చెరు మెట్టనేలల జొన్న ధ్రువప్రాంతపు కొండ కడుపులో ఉన్నది! మధ్యమధ్య మొలకెత్తించి చూడడం విత్తనాల నిధుల నియమం. మొలక శక్తి తగ్గితే మళ్ళీ పొలంలో పండించి కొత్త విత్తు దాస్తారు. ఇక్రిశాట్‌కు సోదరసంస్థ అయిన ఇకార్డా, యుద్ధం వల్ల సిరియాలోని అలెప్పో సమీపపు తన కేంద్రాన్ని వదులుకోవలసివచ్చింది. 2015లో అది స్వాల్‌బార్డ్ నుండి తన విత్తనాలను వెనక్కు తీసుకుంది. ఆ భాండాగారం నుండి జరిగిన మొదటి వాపసు అదే. లెబనాన్, మొరాకో దేశాల పొలాలలో వాటిని పెంచి, 2017లో కొత్త పంటలో కొంత తిరిగి అక్కడే దాచింది. సర్వరు నిర్వహణ మీద నేను చదివిన గ్రంథాలలో ఇంతటి వివరమైన ఉదాహరణ మరొకటి లేదు.

ఇప్పుడు మా దారిలోనే, సంగారెడ్డికి పోతుంటే కంది దగ్గర, ఐఐటీ హైదరాబాదు ఉన్నది. 2008లో యెద్దుమైలారం ఆయుధ కర్మాగారపు ఆవరణలో తాత్కాలికంగా మొదలై అక్కడికి తరలిన సంస్థ. 838 టెరాఫ్లాప్స్ వేగం గల పరమ్ సేవ అనే సూపర్ కంప్యూటరును అక్కడ నెలకొల్పారు. అంత యంత్రం ముందుకు వెళ్ళినా విద్యార్థికి ఎదురయ్యేది అదే నల్లతెర. 1995లో ఫిన్లాండు దేశస్థుడు తాతు యులోనెన్ వ్రాసిన ఎస్ఎస్‌హెచ్ ద్వారా ప్రవేశించి, అవే రెండక్షరాలను టైపు చేయాలి.

మళ్ళీ ఆ రాత్రికి వస్తాను. తెల్లవారాక నేను మొదట చెప్పుకున్నది పదవీవిరమణకు దగ్గరపడిన టైమ్‌కీపరుతో. కంప్యూటరు వచ్చినా ఆయన తన పొడుగు నోటుబుక్కును మానలేదని మేమంతా నవ్వుకునేవాళ్ళం.

“గా మిషిన్ల పోతే పోనియ్ బిడ్డా, నా బుక్కుల ఉన్నది గదా. కూసో, నేను సదువుత, నువ్వు ఎక్కియ్యి” అన్నాడాయన.

“కాకా, మొత్తం నెలది ఉన్నదా?” అన్నాను.

“నేను సెలవు వెట్టిన నాలుగొద్దులు తప్ప.”

మూడు రాత్రులు ఆయన చదివాడు, నేను ఎక్కించాను. ఆ నాలుగు రోజుల లెక్కను గేటు రిజిస్టరుతో సరిచూశాము. లోపలికి వచ్చిన వేళలు అందులో ఉన్నాయి, వెళ్ళిన వేళలు కొన్నిచోట్ల లేవు. జహీరాబాదు వైపు నుండి వచ్చే ఇద్దరు కూలీలు తాము రెండు రాత్రులు తెల్లవారేదాకా ఉన్నామన్నారు. రుజువు లేదని యాజమాన్యం ఇవ్వలేదు. రుజువును తుడిచింది నేనని వారికి నేను చెప్పలేదు. మరుసటి నెలకు వారు మరొక కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళిపోయారు.

ప్రతి నెలా మొదటి సోమవారం, బ్యాకప్ నుండి హాజరు పట్టికను ఒక ఖాళీ వర్చువల్ యంత్రంలోకి దింపి, తెరిచి, ఏదో ఒక రోజు ఓటీ గంటలను కాగితంతో పోల్చి చూస్తాను. టైమ్‌కీపరు వెళ్ళిపోయాక ఆ పొడుగు బుక్కు వ్రాసేవారు లేరు. గేటు రిజిస్టరుతోనే పోలుస్తాను, వెళ్ళిన వేళ వ్రాయని పంక్తి కనబడితే వాచ్‌మన్‌ను పిలిచి అప్పుడే వ్రాయిస్తాను.