చికాగో పౌర సంస్కరణోద్యమం: ఒక విజయం, ఒక ఓటమి

1890 నాటికి చికాగో జనాభా పది లక్షలు దాటింది. 34 వార్డుల నుంచి ఎన్నికైన 68 మంది ఆల్డర్‌మన్లతో నగర మండలి నడిచేది. వీధుల్లో ట్రామ్ పట్టాలు, గ్యాస్ గొట్టాలు వేసుకునే హక్కులను కంపెనీలకు మంజూరు చేసేది ఈ మండలే. లంచం పుట్టిన చోటు అదే.

1896లో పౌరులు మునిసిపల్ ఓటర్స్ లీగ్‌ను స్థాపించారు. అది సొంత పార్టీ పెట్టలేదు. ఏ ఆల్డర్‌మన్ ఏ తీర్మానానికి ఎటు ఓటు వేశాడో వెతికి తీసి, ఎన్నికలకు ముందు ప్రచురించింది. పని గుమాస్తాలు చేసేదే, కానీ మండలి స్వరూపం మారింది. ట్రామ్ యజమాని చార్లెస్ యెర్కీస్ కోరిన దీర్ఘకాలిక హక్కులు 1898 డిసెంబరులో అక్కడ వీగిపోయాయి.

అయితే వలస కార్మికులు నివసించే 19వ వార్డులో ఈ పద్ధతి పారలేదు. అక్కడ హల్ హౌస్ సేవాకేంద్రం నడిపిన జేన్ ఆడమ్స్ 1895లో వార్డు చెత్త తనిఖీ అధికారిగా నియమితులై, తెల్లవారుజామునే చెత్తబండ్ల వెంట తిరిగారు. ఆల్డర్‌మన్ జానీ పవర్స్‌పై హల్ హౌస్ 1896లోనూ, 1898లోనూ పోటీ నడిపింది. రెండుసార్లూ ఓడిపోయింది.

దీన్ని ఓటర్ల అజ్ఞానమని కొట్టిపారేయడం తేలిక. ఆ వివరణ నాకు సమ్మతం కాదు. ఆడమ్స్ 1898లో రాసిన వ్యాసాన్ని విద్యార్థులు గమనించాలి. పవర్స్ బెయిలు ఇప్పించేవాడు, అంత్యక్రియల ఖర్చు భరించేవాడు, క్రిస్మస్‌కు టర్కీ కోళ్లు పంచేవాడు. వార్డులో దాదాపు ప్రతి ఐదుగురు ఓటర్లలో ఒకరి ఉద్యోగం అతని దయపై ఆధారపడి ఉందని ఆమె రాశారు. లీగ్ ప్రచురించిన పట్టికలో ఆ కుటుంబాలకు ఉద్యోగం లేదు, శవపేటిక ఖర్చూ లేదు.