ఊరికో కాఫీ

ఆ పుల్ల కాస్త లోపలికి తొయ్యరా, మంట తగ్గుతోంది. అమెరికాలో కాఫీ అంటే కాగితపు కప్పులో నల్లటి నీళ్ళేనా అనేగా అడిగావు? కాదు నాన్నా. ఉద్యోగం పుణ్యమా అని డెబ్భైల నుంచీ ఆ దేశంలో నాలుగు మూలలూ తిరిగాను. ఊరికో కాఫీ, దాని వెనక ఆ ఊరి కష్టసుఖాలు.

దక్షిణాన న్యూ ఆర్లీన్స్ ఉంది. అక్కడ మొదటి గుక్క తాగగానే ప్రాణం లేచొచ్చింది. చికోరీ! మన ఫిల్టర్ కాఫీలో కలిపే ఆ వేరు పొడే. ఆ ఊరికి ఫ్రెంచివాళ్ళ అలవాట్లు ఎక్కువ. పైగా 1861లో అంతర్యుద్ధం మొదలయ్యాక ఉత్తరాది ఓడలు రేవును దిగ్బంధం చేశాయి. కాఫీ గింజలు రావడం గగనమైపోయింది. ఉన్న కాస్త పొడిలో చికోరీ కలిపి సరిపెట్టుకున్నారు. యుద్ధం పోయింది, చికోరీ ఉండిపోయింది. 1862 నుంచీ నడుస్తున్న కెఫె డు మోండ్‌లో ఇప్పటికీ అదే కాఫీ. సగం చిక్కటి డికాక్షన్, సగం వేడి పాలు. పక్కన నూనెలో పొంగిన నలుచదరపు బెన్యేలు. వాటిమీద పంచదార పొడి ఎంత పోస్తారంటే, ఊపిరి గట్టిగా వదిలితే చొక్కా అంతా తెల్లనే!

ఉత్తరాన మినెసోటాలో కథ వేరు. స్వీడన్, నార్వేల నుంచి వలసొచ్చిన రైతు కుటుంబాలు అక్కడ ఎక్కువ. చర్చిలో విందంటే వందమందికి కాఫీ కావాలి. ఒకసారి దగ్గరుండి చూశాను. ఒక పెద్దావిడ కాఫీ పొడిలో గుడ్డు కొట్టి, పెంకుతో సహా నలిపి, బురదలా కలిపింది. దాన్ని మరిగే నీళ్ళలో వేసి, కాసేపు పొంగనిచ్చి, దించి చన్నీళ్ళు పోసింది. పొడంతా గడ్డకట్టి అడుక్కి దిగిపోయింది. పైన తేనెరంగు కాఫీ, అద్దంలా తేటగా! నీచు వాసన లేదు, చేదూ లేదు. నాసిరకం పొడితోనైనా పదిమందికీ మంచి కాఫీ ఇవ్వాలని పుట్టిన ఉపాయం అది.

తూర్పున బోస్టన్‌లో అయితే మంచు కురుస్తున్నా ఐసు కాఫీయే. పక్కనే రోడ్ ఐలండ్‌లో చల్లటి పాలలో కాఫీ పాకం కలుపుకుని తాగుతారు. 1993లో దాన్ని రాష్ట్ర పానీయం చేసుకున్నారు. మయామీలో క్యూబా నుంచి వచ్చినవాళ్ళు కాస్త డికాక్షన్‌తో పంచదారను నురగొచ్చేదాకా గిలక్కొట్టి, కాఫీలో కలిపి, చిట్టి కప్పుల్లో పంచుకుంటారు.

ఇక సియాటిల్. స్టార్‌బక్స్ 1971లో అక్కడే పుట్టింది. మొదట్లో వాళ్ళు వేయించిన గింజలే అమ్మేవాళ్ళు. 1983లో వాళ్ళ దగ్గర పనిచేసే హోవర్డ్ షుల్ట్జ్ ఇటలీలోని మిలాన్ వెళ్ళి అక్కడి కాఫీ బార్లు చూసొచ్చాక గదా, లాటేలూ కాపుచినోలూ ఊరూరికీ పాకాయి! ఇప్పుడు నువ్వు ఏ ఊరెళ్ళినా అదే కప్పు దొరుకుతుంది. తాగు, కాదనను. కానీ ఆ ఊరివాళ్ళు ఇంట్లో పెట్టుకునే కాఫీ కూడా అడిగి తాగు. చప్పగా ఉందనో చేదుగా ఉందనో పక్కన పెట్టకు. ఎందుకిలా తాగుతారని ఒక్క మాట అడిగావనుకో, వాళ్ళ ముత్తాత ఓడ దిగిన రోజు దగ్గర్నుంచీ చెప్పుకొస్తారు. అడిగేవాడు లేకే అలాంటి కథలు పోతున్నాయిరా.