భాగం 4: ఆహార పరిశ్రమల మురుగునీరు – అవాయు శుద్ధి చరిత్ర

4.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• మురుగునీటి తొలి ప్రమాణాలు ఎలాంటి నదులను దృష్టిలో పెట్టుకొని ఏర్పడ్డాయో చెప్పగలుగుతారు.
• అవాయు శుద్ధి పరిశ్రమల దాకా రావడానికి ఎందుకు ఆలస్యమైందో వివరించగలుగుతారు.
• రాయలసీమలో ఈ పద్ధతి ప్రయోజనాన్ని, పరిమితులను అంచనా వేయగలుగుతారు.

4.1 విషయ పరిచయం

కర్నూలు జిల్లాలోని కోడుమూరు హంద్రీ నది ఒడ్డున ఉంది. హంద్రీ కర్నూలు వద్ద తుంగభద్రలో కలుస్తుంది. వానాకాలంలో పారే ఈ నదిలో వేసవి వచ్చేసరికి చాలాచోట్ల ఇసుకే కనిపిస్తుంది. అలాంటి నది పక్కన ఒక పాల కేంద్రమో, టమాటా గుజ్జు తీసే ఫ్యాక్టరీయో పెట్టారనుకోండి. క్యాన్లు, గచ్చు కడిగిన నీరు ఎక్కడికి పోవాలి?

ఆ నీటిలో ఉండేది విషం కాదు. పాలు, చక్కెర, పిండి పదార్థాలే. మరి హాని ఎలా కలుగుతుంది? సూక్ష్మజీవులు ఈ సేంద్రియ పదార్థాన్ని తింటూ నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను వాడేస్తాయి. చేపలకు ఊపిరి అందదు, నీరు కుళ్లుతుంది. ఇలా ఖర్చయ్యే ఆక్సిజన్ పరిమాణాన్ని జీవరసాయన ఆక్సిజన్ అవసరం, క్లుప్తంగా బి.ఓ.డి. అంటాం. ఇళ్ల మురుగునీటిలో ఇది లీటరుకు సుమారు 250 మిల్లీగ్రాములు. పాలలో సుమారు 1,00,000 మిల్లీగ్రాములు. అంటే కాలువలో ఒలికిన ఒక లీటరు పాలు 400 లీటర్ల మురుగుతో సమానం.

4.2 నది మీద పెట్టుకొన్న భరోసా

బ్రిటన్‌లో 1898లో ఏర్పడిన మురుగునీటి రాయల్ కమిషన్ 1912లో ఒక ప్రమాణాన్ని సూచించింది. శుద్ధి చేసిన నీటిలో బి.ఓ.డి. లీటరుకు 20 మిల్లీగ్రాములు, అవలంబిత ఘనపదార్థాలు 30 మిల్లీగ్రాములు మించరాదు. దీనికి ఒక షరతు ఉంది: ఆ నీరు కనీసం 8 రెట్ల శుభ్రమైన నదీజలంలో కలవాలి. ఏడాది పొడవునా పారే నదులకు ఈ లెక్క సరిపోయింది. వేసవి హంద్రీలో ఆ 8 రెట్ల నీరు ఎక్కడి నుంచి వస్తుంది?

మన దేశంలో 1974లో జల కాలుష్య నివారణ చట్టం వచ్చింది. 1986 పర్యావరణ నియమాల ప్రకారం నదులు, చెరువుల్లోకి వదిలే నీటికి సాధారణ బి.ఓ.డి. పరిమితి 30 మిల్లీగ్రాములు. నది పలుచన చేస్తుందన్న భరోసా లేని చోట శుద్ధి ఫ్యాక్టరీ ఆవరణలోనే పూర్తి కావాలని గుర్తుంచుకోండి.

4.3 గాలి లేని చోట జరిగే పని

1776లో ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా మజోరే సరస్సు అడుగు బురదను కదిలించి, పైకి వచ్చిన బుడగలు మండుతాయని గుర్తించాడు. ఆ వాయువే మీథేన్. మన దేశంలో 1939లో ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్.వి. దేశాయ్ పేడతో ప్రయోగాలు చేశారు. 1951లో జష్‌భాయ్ పటేల్ రూపొందించిన ప్లాంటు గోబర్ గ్యాస్ వ్యాప్తికి దారితీసింది.

ఈ ప్రక్రియలో ఒక తెగ సూక్ష్మజీవులు పెద్ద అణువులను విడగొట్టి ఆమ్లాలుగా మారిస్తే, మరో తెగ ఆ ఆమ్లాలను మీథేన్‌గా మారుస్తుంది. రెండో తెగ నిదానంగా పెరుగుతుంది. అది వెనకబడితే ఆమ్లం పేరుకొని ప్లాంటు పులిసిపోతుంది.

4.4 కాలం సమస్య, దాని పరిష్కారం

పేడ తొట్టిలో 40 రోజులు ఉన్నా ఇబ్బంది లేదు. రోజుకు 1,00,000 లీటర్ల మురుగునీరు వచ్చే ఫ్యాక్టరీకి అదే లెక్క వేస్తే 40,00,000 లీటర్ల తొట్టి కావాలి! అందుకే పరిశ్రమలు గాలి ఊదే పద్ధతినే ఆశ్రయించాయి. దానికి కరెంటు ఖర్చు ఎక్కువ, మిగిలే మడ్డి కూడా ఎక్కువే.

1970లలో నెదర్లాండ్స్‌కు చెందిన గాట్జె లెట్టింగా చక్కెర ఫ్యాక్టరీ నీటితో పనిచేస్తూ ఈ చిక్కు విప్పాడు. నీటిని కింది నుంచి పైకి పంపితే సూక్ష్మజీవులు బరువైన గుళికలుగా కట్టి అడుగునే నిలుస్తాయి. నీరు గంటల్లో బయటికి పోతుంది, సూక్ష్మజీవులు లోపలే ఉంటాయి. ఇదే యు.ఎ.ఎస్.బి. రియాక్టర్. మన దేశంలో 1989లో కాన్పూరులో నగర మురుగునీటికి దీన్ని పరీక్షించారు. తరవాత హైదరాబాదులో మూసీ ఒడ్డున అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యంతో ఇదే పద్ధతిలో కేంద్రాన్ని కట్టారు.

4.5 రాయలసీమకు అన్వయం

మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులకు 30–38 డిగ్రీల వేడి అనుకూలం. చలిదేశాల్లో ఇందుకోసం నీటిని వేడిచేయాల్సి వస్తుంది. సీమ ఎండ ఆ ఖర్చును చాలావరకు తప్పిస్తుంది.

అయితే రెండు పరిమితులు గమనించండి. ఒకటి, అవాయు శుద్ధి ఒక్కదానితో 30 మిల్లీగ్రాముల పరిమితి చేరడం కష్టం. తరవాత గాలి ఊదే దశ ఒకటి ఉండాలి. రెండు, ఈ పద్ధతి ఉప్పును తీసేయదు. ఊరగాయల ఫ్యాక్టరీ నీరు శుద్ధి అయినట్టు కనిపించినా, దాన్ని ఏళ్ల తరబడి చేలకు పారిస్తే నేల చౌడుబారవచ్చు.

4.6 సారాంశం

నిండుగా పారే నదులున్న దేశాలు పలుచన చేయడాన్ని నమ్ముకొన్నాయి. ఎండే నదులున్న ప్రాంతానికి ఆ దారి లేదు. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని ఇంధనంగా మార్చి, మిగిలిన నీటిని మళ్లీ వాడుకోవడమే ఇక్కడి మార్గం.

4.7 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 1912 ప్రమాణం వెనక ఉన్న షరతు ఏమిటి? అది హంద్రీకి ఎందుకు వర్తించదు?
2. పేడ తొట్టికి, యు.ఎ.ఎస్.బి. రియాక్టర్‌కు ముఖ్యమైన తేడా ఏమిటి?
3. మీ ఊరికి దగ్గరలోని ఆహార పరిశ్రమను చూసి, దాని నీరు ఎక్కడికి పోతుందో 10 వాక్యాల్లో రాయండి.