అనపోతురాజు, ఏరిస్, కొన్ని కన్నీళ్ళు

కంప్యూటరు ఆటలో ఒక బొమ్మ చనిపోతే మనుషులు ఏడుస్తారా? ఏడ్చారు. 1997లో జపానులో స్క్వేర్ సంస్థ విడుదల చేసిన ‘ఫైనల్ ఫాంటసీ 7’ అనే ఆటలో, పూలమ్ముకునే ఏరిస్ అనే అమ్మాయి కథ సగంలోనే ఖడ్గానికి బలి అవుతుంది. ఆమెను బ్రతికించే రహస్యమార్గం ఎక్కడో ఉండే ఉంటుందని ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి వెదికారు. అలాంటి మార్గమేదీ లేదు.

ఇది కేవలం కథాబలం కాదనిపిస్తుంది నాకు. 1986 నాటి ‘డ్రాగన్ క్వెస్ట్’తో జపానులో వేళ్ళూనుకున్న ఈ తరహా ఆటల్లో పాత్రలను మనం చూడటమే కాదు, పోషిస్తాం కూడా. ఆయుధం కొనిస్తాం, గాయం మాన్పుతాం, విద్యలు నేర్పిస్తాం, గంటల తరబడి వెంట నడుస్తాం. ఏరిస్ పోయాక జట్టులో ఆమె ఉండవలసిన చోటు ఖాళీగా కనబడుతుంది. దుఃఖం ఆ ఖాళీలోంచి పుడుతుంది.

మా శావల్యాపురానికి ఉత్తరాన ఉన్న కారెంపూడి ఈ విద్యను ఏనాడో ఎరుగును. పన్నెండవ శతాబ్దపు ఉత్తరార్ధంలో జరిగినదని చెప్పే పలనాటి యుద్ధంలో బాలచంద్రుడు ఒంటరి వీరుడు కాడు. అతని వెంట చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి మొదలైన కులాల సహచరులు, బ్రాహ్మణుడైన అనపోతురాజు ఉన్నారు. అందరూ అన్నదమ్ములుగా పెరిగినవారే. విశేషమేమంటే బాలచంద్రుడు కూడా ఆటలోంచే యుద్ధంలోకి వచ్చాడు. అతని బొంగరం తగిలి గాయపడిన అన్నమ్మ, తండ్రి యుద్ధభూమిలో ఉండగా నీకు ఆటలేమిటని నిలదీస్తుంది.

యుద్ధానికి వెళ్ళే దారిలో, బ్రాహ్మణుడు రణంలో చనిపోతే పాపమని తలచి, బాలచంద్రుడు ఒక నెపంతో అనపోతును వెనక్కి పంపిస్తాడు. తిరిగివచ్చేసరికి మిత్రులు లేరు. జరిగిన మోసం తెలిసిన అనపోతు అక్కడే ప్రాణత్యాగం చేస్తాడు. శత్రువు చేతిలో పోయినవారికన్నా ఇతడే మనసులో ఎక్కువగా నిలుస్తాడు. చంపింది పగ కాదు, ప్రేమ. కలిసి భోంచేసినవారు కలిసి చనిపోవడానికి మాత్రం కులం అడ్డువచ్చింది. బ్రహ్మనాయుడి చాపకూడు ఆదర్శానికి ఇంతకన్నా కఠినమైన పరీక్ష ఆ కథలో మరొకటి లేదని నా అభిప్రాయం.

రెంటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఆటగాడు తాను కాపాడగలిగి ఉండేవాడినని నమ్ముతాడు. వీరగాథ వినేవాడికి అంతం ముందే తెలుసు. తెలిసే ఏటేటా వస్తాడు. కార్తీక అమావాస్యతో మొదలై కారెంపూడిలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు ఉత్సవం సాగుతుంది. వీరుల ఆయుధాలైన కొణతాలకు నాగులేటిలో స్నానం చేయిస్తారు. రాయబారం విఫలమవుతుందని అందరికీ తెలుసు. అయినా ఆ రోజు రాయబారం జరగవలసిందే.

ఇక నన్ను కలవరపెట్టే విషయం. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న ద్విపదను అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో అచ్చువేశారు. అందులో ప్రధానంగా దొరికేది బాలచంద్ర యుద్ధమే. మొత్తం కథను తరతరాలుగా కంఠాన మోసినవారు మాల కులానికి చెందిన వీరవిద్యావంతులు. వారిలో అలిశెట్టి గాలెయ్య పాడిన కథను జీన్ రోఘైర్ అనే అమెరికన్ పండితుడు ఆంగ్లంలోకి అనువదించగా, 1982లో ఆక్స్‌ఫర్డ్ వారు ప్రచురించారు. ఏరిస్ కథ డిస్కుల్లో ఉంది, 2020లో సరికొత్త రూపం కూడా పొందింది. అనపోతు కథకు కాగితం ఉన్నా, రాత్రంతా అతనితో మనల్ని నడిపించేది గాయకుని గొంతే. ఆ నడక లేకపోతే అనపోతు మనకు ఒక పేరుగా మిగులుతాడే తప్ప మిత్రుడు కాడు.

పలనాటి చరిత్రకు శాసనాధారాలు స్వల్పం. ఎనిమిది వందల ఏళ్ళు ఈ పేర్లను నిలిపింది ఆ స్నేహమే. మీ ప్రాంతాల్లో ఇలా పాడేవారు ఇంకా ఉంటే ఒక రాత్రి కూర్చుని వినండి. వీలైతే రికార్డు చేసి భద్రపరచండి.