చాప, బల్ల, కుర్చీ: చిత్తూరు–తిరుపతి ప్రాంత సంఘాలలో కూర్చునే తీరు – ఒక చారిత్రక పరిశీలన

పరిచయం

సంఘ చరిత్ర రాయవలసి వచ్చినప్పుడు మనం మిషనరీల పేర్లు, మందిర ప్రతిష్ఠ జరిగిన సంవత్సరాలు, బాప్తిస్మాల లెక్కలు వెదకుతాము. విశ్వాసులు ఆరాధనలో దేని మీద కూర్చున్నారు అన్న ప్రశ్న మనకు తట్టదు. అయితే ఎవరి ఎదుట కూర్చోవచ్చు, ఎంత ఎత్తున కూర్చోవచ్చు, ఎవరు వస్తే లేవాలి అనే నియమాలను మన పల్లెలు ఎక్కడా రాసుకోకుండానే తరతరాలుగా పాటించాయి. ఆ నియమాలు పీటలోను, చాపలోను, కుర్చీలోను దాగి ఉన్నాయి. ఆసనం రూపం మన శరీరాన్ని, మర్యాదను, చివరకు ఆరాధనను ఎలా మలచిందో చిత్తూరు, తిరుపతి ప్రాంతాన్ని ఆధారంగా తీసుకొని ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాము.

1. పీట నుండి పీఠం వరకు

తిరుమల ఆలయంలో శ్రీకృష్ణదేవరాయల లోహ విగ్రహం ఉంది. ఇరుపక్కల తిరుమలదేవి, చిన్నాదేవి ఉన్నారు. ముగ్గురూ చేతులు జోడించి నిలబడి ఉన్నారు. రాజధానిలో సింహాసనం మీద కూర్చునే రాజు ఇక్కడ నిలబడి కనబడతాడు. కూర్చోవడం అధికారానికి, నిలబడడం విధేయతకు గుర్తు అని ఆ విగ్రహాన్ని చూసినవారికి వేరే చెప్పనక్కర లేదు.

మన భాష కూడా ఇదే చెబుతుంది. భోజనానికి వేసే పీట, మఠాధిపతి పీఠం ఒకే మాట నుండి వచ్చాయి. 1843 నుండి 1933 వరకు తిరుమల ఆలయ పాలన హాథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది. మఠాధిపతిని మనం పీఠాధిపతి అంటాము. అంటే ఆసనం పేరే అధికారానికి పేరయింది. క్రైస్తవ సంఘంలోనూ అంతే. బిషప్ కూర్చునే ఆసనాన్ని లాటిన్‌లో కథెడ్రా అన్నారు. ఆ ఆసనం ఉన్న మందిరం కథెడ్రల్ అయింది.

పల్లెలో కుర్చీ లేని రోజుల్లో కూడా ఎత్తుపల్లాలు ఉండేవి. ఇంటి అరుగు, రచ్చబండ, మంచం, నేల – వీటిలో ఎవరికి ఏది అన్నది కులాన్ని బట్టి నిర్ణయమయ్యేది. పెద్దకులస్థుడు వీధిలో వస్తుంటే, దళితుడు తన ఇంటి ముందు తన మంచం మీద కూర్చున్నా లేచి నిలబడవలసి వచ్చేది. కాబట్టి నేల మీద కూర్చోవడం సమానత్వం, కుర్చీ అసమానత్వం అని తేల్చివేయడం చరిత్రకు న్యాయం కాదు.

2. దొరగారి కుర్చీ

కుర్చీ అనే మాట అరబ్బీ 'కుర్సీ' నుండి పారశీ, హిందూస్తానీల మీదుగా మనకు వచ్చింది. 1801లో ఈ ప్రాంతం కంపెనీ పాలనలోకి వచ్చింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేంతవరకు చిత్తూరు పట్టణం ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రంగా ఉండేది. అందువలన కలెక్టరు కచేరీ, కోర్టు, వాటితోపాటు వీపు, చేతులు గల కుర్చీ ఇక్కడివారికి అలవాటయ్యాయి.

ఈ వస్తువు చేసే పనిని కొంచెం నిదానంగా చూద్దాము. పీటకు వీపు లేదు, చేతులు లేవు. కూర్చున్నవాడు తన నడుమును తానే నిలుపుకోవాలి, కాళ్ళు మడుచుకోవాలి, అంతకు ముందే చెప్పులు విడవాలి. కుర్చీ మనిషి వీపును తానే మోస్తుంది, కాళ్ళను కిందికి వదులుతుంది, బూట్లు విప్పే అవసరం లేకుండా చేస్తుంది. కూర్చున్నవాడి ముఖాన్ని ఒకే దిక్కుకు తిప్పి, పక్కవాడి నుండి చేతులతో వేరు చేస్తుంది. గదిలోకి మొదటి కుర్చీ రాకముందు నేల అందరికీ ఆసనమే. ఆ కుర్చీ వచ్చిన రోజు నుండి నేల కింది స్థానం అయింది.

తెల్ల అధికారులు దీనిని బాగా గ్రహించారు. ఉత్తర భారతంలో, ముఖ్యంగా పంజాబులో, అధికారిని కలవడానికి వెళ్ళినప్పుడు కుర్చీ పొందే హక్కు గలవారికి 'కుర్సీ నషీన్' అనే ధ్రువపత్రాలు ఇచ్చేవారు. కూర్చోవడం ప్రభుత్వం ఇచ్చే బిరుదు అయిపోయింది. అధికారి ఇంటికి వెళ్ళినప్పుడు కుర్చీ చూపిస్తారా లేదా అని ఈనాటికీ మనం గమనించడం ఆ కాలపు అలవాటు నుండి పూర్తిగా బయటపడలేదనడానికి గుర్తు.

3. మిషనరీలు తెచ్చిన బల్ల

ఇక సంఘం విషయానికి వస్తే, అమెరికన్ ఆర్కాటు మిషను 1853లో ఏర్పడింది. 1863లో జేకబ్ చాంబర్లేన్ మదనపల్లెలో పని ప్రారంభించాడు. జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషను 1860వ దశకంలో నాయుడుపేట ప్రాంతంలో మొదలై తిరుపతి వైపు విస్తరించింది. పట్టణ మందిరాలలో బెంచీలు వచ్చాయి. పల్లె మందిరాలలో చాపలే ఉండిపోయాయి.

అయితే బెంచీ ఆది సంఘపు ఆస్తి కాదు. మధ్యయుగంలో చాలాకాలం విశ్వాసులు మందిరంలో నిలబడే ఆరాధించారు. సంస్కరణోద్యమంలో ప్రసంగం ఆరాధనకు కేంద్రమై, దీర్ఘమైన కొద్దీ, వరుస బెంచీలు స్థిరపడ్డాయి. ఇంగ్లాండులోను అమెరికాలోను ఆ బెంచీలకు అద్దె కట్టించుకునేవారు. డబ్బున్న కుటుంబానికి ముందు వరుస, పేదవారికి వెనుక చోటు దక్కేది. నల్లజాతి విశ్వాసులను అనేక అమెరికన్ సంఘాలు పై గ్యాలరీకి పంపాయి. మన దగ్గరికి వచ్చిన బెంచీ వెనుక ఈ చరిత్ర ఉంది.

దానికి మరో ముఖం కూడా ఉంది. ఆర్కాటు మిషనుకు మూలమైన డచ్ రిఫార్మ్‌డ్ సంప్రదాయంలో ప్రభురాత్రి భోజనాన్ని బల్ల చుట్టూ కూర్చొని తీసుకునేవారు. లూథరన్లు, ఆంగ్లికన్లు మోకాళ్ళూని తీసుకునే ఆచారాన్ని పాటించారు. మోకాళ్ళూనినవాడు కృపను అర్థించేవాడు, కూర్చున్నవాడు పిలుపు అందుకున్న అతిథి. రెండూ సువార్త సత్యాలే. అదే సత్యాన్ని శరీరం వేరువేరు విధాలుగా పలుకుతుంది. తెలుగు విశ్వాసి ఇప్పటికీ ఈ సంస్కారాన్ని 'బల్ల' అనే పిలవడం గమనార్హం.

4. ఒకే బల్ల మీద ఎవరెవరు?

బెంచీకి కుర్చీకి లేని గుణం ఒకటి ఉంది. అది ఒక్కరి కొలతకు చేసింది కాదు. పక్కవాడి తొడ తగలకుండా నిండు బెంచీ మీద కూర్చోవడం సాధ్యం కాదు. అంటరానితనం పాటించే సమాజంలో ఇది చిన్న సంగతి కాదు. పొరుగున తమిళ దేశంలోని తరంగంబాడి, తంజావూరు సంఘాలలో వెల్లాల క్రైస్తవులు, దళిత క్రైస్తవులు ఒకే మందిరంలో వేరువేరుగా కూర్చునేవారు. సంఘంలో కుల భేదాలు ఉండరాదని కలకత్తా బిషప్ డానియేల్ విల్సన్ 1833లో ఆదేశించినప్పుడు చాలామంది వెల్లాలలు సంఘాన్ని విడిచిపోయారు. వారు విడిచిపోయింది విశ్వాస ప్రమాణం మీద వివాదంతో కాదు, కూర్చునే చోటు మీద.

మందిరం వెలుపల కూడా ఇదే పోరాటం. డాక్టర్ అంబేడ్కర్ చిన్ననాట బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్నారు. దానిని ఊడ్చేవాడు ముట్టనందున రోజూ ఇంటికి మోసుకుపోయి మళ్ళీ తెచ్చుకునేవారు. మన సినిమా హాళ్ళలో నేల టికెట్టు, బెంచీ టికెట్టు, కుర్చీ టికెట్టు అని ఉండేవి. డబ్బు పెట్టినవాడు ఎవడైనా కుర్చీలో కూర్చోవచ్చన్నది కొత్త సంగతి. ఆ కొత్తదనాన్ని అందరూ సహించలేదు. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో, సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు అగ్రకుల యువకుడికి తగిలిందని రేగిన గొడవ పెరిగి, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యకు దారితీసింది. 2020లో తమిళనాడు కడలూరు జిల్లాలో ఎన్నికైన ఒక దళిత మహిళా పంచాయతీ అధ్యక్షురాలిని, సభ్యులు కుర్చీల్లో ఉండగా నేల మీద కూర్చోబెట్టిన ఉదంతం బయటపడింది. రాజ్యాంగం ఆమెకు పదవి ఇచ్చింది. ఊరు కుర్చీ ఇవ్వలేదు.

5. ప్లాస్టిక్ కుర్చీ వచ్చిన తరువాత

ఒకే అచ్చులో పోసే ప్లాస్టిక్ కుర్చీకి ప్రసిద్ధమైన నమూనా 1972లో ఫ్రాన్సులో హెన్రీ మసోనే చేసినది. చవకైనది, తేలికైనది, ఒకదానిపై ఒకటి పేర్చవచ్చు. ఇది మన పల్లె మందిరాలకు చేరినప్పుడు మోకాళ్ళ నొప్పులున్న వృద్ధులకు నిజమైన మేలు జరిగింది. పెద్దకులస్థుల ముందు కుర్చీ ఎరుగని కుటుంబాలు ప్రభువు సన్నిధిలో కుర్చీలో కూర్చున్నాయి. దీనిని తక్కువగా చూడరాదు.

అదే సమయంలో కొన్ని కోల్పోయాము. చాప మీద ఆలస్యంగా వచ్చిన అక్కకు, "కొంచెం జరుగమ్మా" అంటే చోటు దొరుకుతుంది. కుర్చీలు నిండితే తలుపు దగ్గర నిలబడాలి. చాప మీద పసిబిడ్డను పక్కన పడుకోబెట్టవచ్చు. కుర్చీలో తల్లి గంటల తరబడి ఒడిలో మోయాలి. చాప మీద ఉన్నవారు మోకాళ్ళూనడానికి ఒక్క కదలిక చాలు. కుర్చీల వరుసల మధ్య అంత చోటు లేక ప్రార్థన తల వంచడంతో సరిపెట్టుకుంటున్నది. కుర్చీ శరీరానికి సహజమైనది కాదని, నడుముకు హాని చేస్తుందని వాస్తుశిల్ప ఆచార్యురాలు గాలెన్ క్రాంజ్ 1998లో ఒక గ్రంథమే రాశారు. మేము ఆందోళన పడుతున్నది నడుము కంటే మోకాళ్ళను గురించి.

6. వేదిక మీది కుర్చీ

యేసు నజరేతు సమాజమందిరంలో కూర్చొని బోధించాడు (లూకా 4:20). కూర్చోవడం బోధకుని స్థానం. కాబట్టి సేవకునికి కుర్చీ ఉండడం తప్పు కాదు. అయితే అగ్రపీఠాలను కోరేవారిని ఆయన గద్దించాడు (మత్తయి 23:6). విందులో చివరి చోట కూర్చొమ్మన్నాడు (లూకా 14:10). ధనికునికి మంచి స్థలం, దరిద్రునికి పాదపీఠం దిగువ చూపించే సంఘాన్ని యాకోబు దుష్ట విమర్శకులుగా ఎంచాడు (2:2–4). తెలుగు బైబిలు అనువాదకులు విందుకు 'భోజనపంక్తి' అనే మాట వాడారు. పంక్తి అంటే నేల మీద ఆకుల ముందు వరుస. మన దేశంలో కులాన్ని బట్టి వేరయ్యేదీ ఆ పంక్తే. అక్కడికే ప్రభువు సుంకరులను పిలిచాడు.

ఈ వెలుగులో చూసినప్పుడు, ఎర్రని మఖ్మల్, బంగారు రంగు చెక్కడాలతో సింహాసనాల వంటి కుర్చీలు వేదికల మీదికి రావడం మనలను ఆలోచింపజేయాలి. పెళ్ళి పందిరిలో వధూవరుల కోసం వేసేది ప్రసంగీకుని కుర్చీ అయితే, కింద కూర్చున్న పేద విశ్వాసికి ప్రసంగం మొదలుకాక ముందే ఒక సందేశం అందుతుంది.

ముగింపు

చాపకు తిరిగి పోదామని మేము అనడం లేదు. కుర్చీ దక్కడానికి మన పితరులు పడిన అవమానాలు తెలిసి అలా అనలేము. విద్యార్థులు తమ క్షేత్రసేవలో ఒక పని చేయాలని కోరుతున్నాము. ఆదివారం మందిరం పటం గీసి, చేతుల కుర్చీలో ఎవరు, బెంచీ మీద ఎవరు, చాప మీద ఎవరు, తలుపు దగ్గర ఎవరు అని గుర్తించండి. గ్రామ పెద్ద వస్తే ఎవరిని లేపారో, ఎవరు తమంతట తామే లేచారో రాయండి. వృద్ధులను అడిగి, చాపల కాలంలో ఎవరు ఎక్కడ కూర్చునేవారో కూడా సేకరించండి. మన సంఘ చరిత్రలో ఇంకా రాయని అధ్యాయం అదే. అది రాసిన తరువాత, మొదట సర్దవలసిన కుర్చీ కాపరిదే.